ఆకువక్క లేని సంతకం

చూడండి, కళ్ళారా చూడండి. కంపెనీ వైపు వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో ఈ చివర కూర్చున్నది మీ నాగులమ్మ కూతురు చెంగమ్మే. మెడలో వేలాడుతున్న ఈ బిళ్ళ నాదే, దాని మీద ఫొటో నాదే, కింద ‘ట్రైనీ, ఫైనాన్స్ అండ్ లీగల్’ అని రాసింది కూడా నా గురించే. ఎదురుగా ఇసుకలో పరిచిన పట్టాల మీద ఊరి మగవాళ్ళంతా బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ఒక్కరూ నా వైపు తల తిప్పడం లేదు, అయినా ఒక్కరి కన్నూ నా మీద నుంచి కదలడం లేదు, ఆ విద్య మా ఊరి వాళ్ళకు పుట్టుకతోనే వస్తుంది. పొద్దున్నే అన్నారు, ఎండ నడినెత్తికి వస్తోంది, ఆఫీసరు ఇంకా రాలేదు. ఆయన వచ్చి మధ్యలో ఉన్న ఆ బల్ల దగ్గర కూర్చుని, రేవు స్థలం కంపెనీకి లీజుకివ్వడంలో మీకేమన్నా అభ్యంతరాలున్నాయా అని మైకులో అడుగుతాడు. ఎవరన్నా లేచి ఉన్నాయని చెబితే పేరుతో సహా రాసుకుంటాడు. ఎవరూ లేవకపోతే అభ్యంతరాల్లేవని రాసుకుని కారెక్కుతాడు. అంతే, ముప్పై ఏళ్ళు. పడవలు లాగి పెట్టుకునే ఇసుక, వలలు ఆరేసుకునే గట్టు, ఏరు పోయి సముద్రంలో కలిసే మొగ, అన్నీ కంపెనీ గోడ లోపలికి పోతాయి. ఈ సంగతి నాకు తెలుసు, నా పక్కన కూర్చున్న మేనేజరుకు తెలుసు. మీకు తెలియదు. తెలియజెప్పడానికి వస్తే వినలేదు. కూర్చోండి, అలాగే నోళ్ళు కుట్టుకుని కూర్చోండి, అదే కదా మీ గొప్ప.

షామియానా గుడ్డలోంచి ఎండ ఎర్రగా దిగుతోంది. గాలి బొత్తిగా లేదు, ముత్తుకూరు వైపు థర్మల్ పొగగొట్టాల పొగ కూడా నిలువుగా లేచి అక్కడే ఆగిపోయింది. మేనేజరు రాజ్ కుమార్ మంచినీళ్ళ సీసా మూత తీసి మరీ నా ముందు పెట్టాడు. మర్యాదస్తుడు, ఆ మర్యాదే నాకు ఒళ్ళు మండిస్తుంది. చెంగమ్మ గారూ అంటాడు. పుట్టి బుద్ధెరిగాక నన్ను గారు అని పిలిచిన మొదటి మనిషి మా రేవును మింగడానికి వచ్చినవాడు, నా రాత కాకపోతే ఏమిటిది. పొద్దున కారులో వస్తూ, ఇవాళ మనం చేయాల్సిందేమీ లేదండీ, ఊరికే కూర్చుంటే చాలు, మిగతాది మీ వాళ్ళే చేసిపెడతారు అన్నాడు. సార్, మౌనం అంగీకారం కాదు కదా, కాంట్రాక్టు చట్టంలో అదే కదా చెప్పారు అన్నాను, ఉండబట్టలేక. ఆయన సంతోషపడ్డాడు, పాఠం ఒప్పజెప్పిన పిల్లను చూసి పంతులు సంతోషపడినట్టు. అంగీకారం సంతకాలతో ఎప్పుడో అయిపోయిందండీ, ఇవాళ మనకు కావలసింది అంగీకారం కాదు, అభ్యంతరం లేకపోవడం, దానికి మౌనం బ్రహ్మాండంగా సరిపోతుంది అన్నాడు. ఎంత శుభ్రంగా చెప్పాడు. యూనివర్సిటీలో గంగాధరం సార్ బిజినెస్ లా నోట్సు కళ్ళు మూసుకుని చెప్పుకుపోతాడు, మేం రాసుకుంటాం. అందులో ఒక మామ ఉంటాడు, మేనల్లుడి గుర్రం కొంటానని, నువ్వు జవాబివ్వకపోతే గుర్రం నాదే అనుకుంటానని రాస్తాడు, కోర్టు అట్లా కుదరదంటుంది. ఆ మామ కథ పరీక్షలో రెండు పేజీలు రాసి క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాను. గుర్రం ఇస్తానని మేనల్లుడు ముందే సంతకం పెట్టి ఉంటే ఏమవుతుందో గంగాధరం సార్ చెప్పలేదు, నేనూ అడగలేదు, అలాంటి మేనల్లుడు లోకంలో ఉంటాడని ఎవరనుకుంటారు.

ఉన్నారు, ఊరినిండా ఉన్నారు, ఇదిగో వరసగా కూర్చున్నారు. ఆ సంతకాలు తలుచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎవరో దొంగచాటుగా పెట్టించుకుని ఉంటే నాకింత బాధ ఉండేది కాదు, మోసం అని కేసు వేయవచ్చు, మోసం మీద నాకు ఒక అధ్యాయమంతా నోటికి వచ్చు. మోసం లేదు. పోయిన శ్రావణంలో కంపెనీ మనుషులు ఇక్కడే బల్ల వేసి, కాగితం తెలుగులో చదివి వినిపించి, ఇష్టమైతేనే పెట్టండి, బలవంతం లేదు అన్నారు. ఇంటికొక మగమనిషి వరసలో నిలబడి నవ్వుకుంటూ పెట్టి వచ్చాడు. వేలిముద్ర చాలన్నా వినకుండా, మేమేం చదువు రానివాళ్ళమా అని పట్టుబట్టి పేరు రాసిన వీరులు కూడా ఉన్నారు. ఎందుకు పెట్టారయ్యా అంటే, ఆకువక్క తీసుకోలేదు కదా అంటారు. మా ఊళ్ళో మాటంటే ఆకువక్క. సంబంధం ఖాయమవ్వాలన్నా, బోటు మీదికి కొత్త మనిషిని మాట్లాడుకోవాలన్నా, పక్క ఊరితో వలల తగవు తెగాలన్నా, తమలపాకుల్లో వక్క పెట్టి అందిస్తారు. అవతలివాడు అందుకుని కళ్ళకద్దుకుంటే ఇక తుఫాను వచ్చినా మాట తప్పడు. ఇష్టం లేకపోతే అందుకోడు. అంతేగాని నోరు తెరిచి వద్దనడం మాకు మహా తప్పు, మనిషిని చెంపదెబ్బ కొట్టిన లెక్క. చేతులు ఒళ్ళో పెట్టుకుని తల దించుకుని కూర్చుంటారు, తెచ్చినవాడు కాసేపు చూసి పళ్ళెం తీసుకుని లేచిపోవాలి, అదీ పద్ధతి. సంతకానికి వీళ్ళ దగ్గర విలువేముంది. రేషనుకు పెడతారు, వేట నిషేధం రోజుల సాయానికి పెడతారు, పెట్టీ పెట్టీ సంతకమంటే వచ్చిన ఆఫీసు మనిషిని మర్యాదగా సాగనంపడం అనుకుంటున్నారు. కంపెనీవాడు పళ్ళెం తేలేదు, మనం ఆకువక్క అందుకోలేదు, కాబట్టి మనం మాట ఇవ్వలేదు, కాబట్టి రేవు మనదే. ఇవాళ కూడా అందుకే ఇంత నిబ్బరంగా వచ్చి కూర్చున్నారు. పళ్ళెం తెస్తే తలలు దించుకుందామని చూస్తున్నారు. ఏ పళ్ళెమూ రాదు. వీళ్ళు తలలు దించుకోవడం మాత్రమే కావాలి మా మేనేజరుకు.

ముందు వరసలో ఎర్ర తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నది చిన్నపోలయ్య మామ, అమ్మకు అన్న, ఊరి కట్టుబాట్లు చూసే పెద్దకాపు. కొత్త పంచె కట్టాడు, పెళ్ళికి వచ్చినట్టు. నాన్న పోయాక మా ఇంటికి మగదిక్కు ఆయనే, నేనేం చదవాలో చెప్పిందీ ఆయనే. నేను నర్సింగు చదువుతానన్నాను. సూళ్ళూరుపేటలో నా స్నేహితురాలు చేరుతోంది, ఇద్దరం కలిసి పోదామనుకున్నాం, తెల్ల బట్టలు వేసుకుని చెన్నైలో ఉద్యోగం చేద్దామనుకున్నాం. మామ కూటం పెట్టాడు. పోర్టు వచ్చింది, కాగితాలు తెచ్చింది, థర్మల్ వచ్చింది, కాగితాలు తెచ్చింది, ఇంకా వస్తారు, ఇంకా తెస్తారు, మనకు కాగితం తెలిసిన నోరొకటి కావాలని తీర్మానించాడు. ఊరి ఉమ్మడి సొమ్ములోంచి ఫీజు. లెక్కలు, చట్టం రెండూ ఉన్న చదువేదో ఎవరినో కనుక్కుని, యూనివర్సిటీలో ఫైనాన్సు, బిజినెస్ లా అని కాగితం మీద రాయించుకొచ్చి నా చేతిలో పెట్టాడు. అడగలేదు, చెప్పాడు. సరే, చదివాను. ఇష్టం లేకుండా మొదలుపెట్టి కసితో చదివాను. ఇప్పుడు నోరు తయారైంది. తయారైన నోరు ఊరి కూటంలో తెరవకూడదట, ఆడది కదా. చెప్పేవాళ్ళకు సిగ్గుండాలి. నోరు కావాలని పెంచి, ఆ నోటికి వాళ్ళే గుడ్డ కుక్కారు. ఆడవాళ్ళంతా అదిగో, షామియానా దాటి, వలల కుప్పల వెనక ఎండలో కూర్చున్నారు, ఎప్పుడూ అక్కడే. మా అమ్మ నాకు వీపు పెట్టి కూర్చుంది. వీపు చూసినా అమ్మ కోపం తెలుస్తుంది నాకు.

క్లాసులో అందరికీ నేనే లోకువ. ఫైనాన్స్ మేడమ్ మొదటి సెమిస్టరులో ఇవాళ్టి రూపాయి రేపటి రూపాయి కన్నా విలువైనది అని బోర్డు మీద రాసింది, ఎందుకో ఎవరన్నా చెప్పండి అంది. మధుబాబు అని ఒకడు, వాళ్ళ నాన్నకు రొయ్యల గుంటలున్నాయి, చెంగమ్మను అడగండి మేడమ్, వాళ్ళ చేప సాయంత్రానికి కంపు కొడుతుంది కదా అన్నాడు. అందరూ నవ్వారు. లేచి నిలబడి, అవును, అందుకే ఈ పాఠం మీకు ఇవాళ చెబుతున్నారు, మా అమ్మకు గంప ఎత్తిన రోజే తెలుసు, పొద్దున వంజరం ధర వేరు, మిట్టమధ్యాహ్నం ధర వేరు, మీ గుంటలో రొయ్యకు ఐసు పెట్టేదాకా మీకది తెలియదు అన్నాను. మేడమ్ కూడా నవ్వింది, అయినా ఆ నవ్వు నాకేం ఒరగబెట్టింది. అసలు మంట తర్వాత మొదలైంది. రాబోయే ఏళ్ళలో వచ్చేదాన్ని ఇవాళ్టి విలువకు తెచ్చే లెక్క నేర్పారు. ఏడాది దూరం పోయేకొద్దీ విలువ కోసుకుంటూ రావాలి. ఒక మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చుని ఆ లెక్కను మా రేవు మీద వేసి చూశాను. ఈ ఏడాది పడే చేప చేపంతే ఉంది. పదేళ్ళ తర్వాతి చేప సగానికి సగం చిక్కిపోయింది. లీజు తీరేనాటికి నా కడుపున పుట్టబోయేవాళ్ళు పట్టే కానాగంతల గంప మొత్తం ఇవాళ్టి విలువలో గుప్పెడు కూడా కాలేదు. తప్పు చేశానేమోనని మళ్ళీ వేశాను. లెక్కలో తప్పు లేదు. అదే నాకు కడుపుమంట. తప్పుంటే పోట్లాడేదాన్ని. ఈ కంపెనీలో ట్రైనీగా చేరాక వాళ్ళ ఫైలులో రేవుకు నష్టపరిహారం కట్టిన కాగితం చూశాను, ఇదే లెక్క, ఇంతే శుభ్రంగా, ఇంకా పుట్టనివాళ్ళకు విలువ లేదని ఎంత మర్యాదగా చెప్పారో.

ఆ ఫైలు చూశాక వచ్చిన ఆదివారమే రేవుకు పోయాను. మామ పడవ నీడలో కూర్చుని చద్దన్నం తింటున్నాడు. ఎదురుగా గొంతుక్కూర్చుని, సంతకం పెడితే మాటిచ్చినట్టేనని, కోర్టు ఆకువక్క అడగదని, స్థలం సర్కారుదే అయినా వాడుక మనది కాబట్టి మనం వద్దంటే రాసుకుని తీరాలని, కాని వద్దని నోటితో చెప్పాలని, ఎంత నెమ్మదిగా చెప్పాలో అంత నెమ్మదిగా చెప్పాను. ఆయన ఉల్లిపాయ కొరుకుతూ విన్నాడు.

‘నోటితో వద్దని కుక్కను అదిలిస్తాం మే, మనిషిని కాదు,’ అన్నాడు.

‘అయితే రేవు పోతుంది మామా.’

‘వాళ్ళ కాగితం మాకు చెప్పేదానికి చదివించినాం నిన్ను. మా పద్ధతి మాకు చెప్పేదానికి కాదు.’

మీరు చెప్పకపోతే నేను చెబుతా, కూటంలో లేచి నేనే చెబుతా అన్నాను. అప్పుడు చెయ్యి కడుక్కున్నాడు. ఆడబిడ్డ కూటంలో నోరు తెరిస్తే దురాయి వేస్తానన్నాడు. కోపంగా కూడా అనలేదు, రేపు గాలి ఎటు వీస్తుందో చెప్పినట్టు చెప్పాడు. దురాయి వేస్తే ఊళ్ళో మా ఇంటితో ఎవరూ మాట్లాడరు, నీళ్ళ దగ్గర పక్కన నిలబడరు, పడవ వచ్చాక మా అమ్మ గంపలో ఒక్క చేప వేయరు. సొంత చెల్లెలు అది. నా నోటికి అమ్మ గంపను తాకట్టు పెట్టి తువ్వాలు దులుపుకుని లేచి పోయాడు. రాక్షసుడు. ఆయన ముసలిచేతుల మీద వల కోసిన గాట్లు చూస్తే ఒక్కోసారి పాపం అనిపిస్తుంది, ఆ రోజు అనిపించలేదు, ఇవాళా అనిపించడం లేదు.

ఈ కుర్చీలోకైనా నేను ఎగిరొచ్చి కూర్చోలేదు. ఆఖరి సెమిస్టరులో ఏదో ఒక కంపెనీలో పనిచేసి సర్టిఫికెట్ తేవాలి, లేకపోతే డిగ్రీ ఇవ్వరు. ఎవరిని ఎక్కడికి పంపాలో రాసే పని గంగాధరం సార్‌ది. మీ ఊరి పక్కనేనమ్మా, బస్సు ఖర్చు కలిసొస్తుంది అన్నాడు. వాళ్ళు మా రేవు అడుగుతున్నారు సార్, రెండు వైపులా ఉన్న మనిషి ఒక వైపు పని చేయకూడదని మీరే కదా చెప్పారు అన్నాను. అది డైరెక్టర్లకమ్మా, నీకెందుకు అన్నాడు, కళ్ళు తెరిచి మరీ అన్నాడు. చదువు చెప్పేవాళ్ళు చెప్పిందాన్ని నమ్మరా, లేక మాలాంటి వాళ్ళకు అది వర్తించదా, ఏదో ఒకటి తేల్చి చెబితే బాగుండేది. మొదటి రోజు బిళ్ళ మెడలో వేసుకుని బయల్దేరుతుంటే అమ్మ గుమ్మంలో చేట చేతపట్టుకుని నిలబడి, బిళ్ళను తాళిని చూసినట్టు చూసి, ‘కట్టించుకున్నావా మే?’ అంది. ఆ తర్వాత అవసరానికే మాట. అన్నం ఉండాది అంటుంది, తలుపేసుకో అంటుంది. నేను ఎందుకు పోతున్నానో అడగదు, అడిగితే చెబుదునుగా, ఫైలు చూడాలంటే లోపలికి పోవాలమ్మా అని. అడగదు. ఊళ్ళో అమ్ముడుపోయిందని అంటున్నారట. అనుకోండి. నాకోసం ఏడిచేవాళ్ళు ఎటూ లేరు, నన్ను తిట్టేవాళ్ళకైనా లోటు లేదు.

కారు వచ్చింది. అందరూ లేచారు, మళ్ళీ కూర్చున్నారు. ఆఫీసరు నడివయసు మనిషి, ముఖం తుడుచుకుంటూ ఆలస్యానికి ఏదో చెప్పాడు, పక్కన గుమాస్తా పెద్ద పుస్తకం తెరిచి పెన్ను మూత తీశాడు. రాజ్ కుమార్ మైకు తీసుకుని నమస్కారాలు అయ్యాక నా వైపు చెయ్యి చాపాడు. మన ట్రైనీ చెంగమ్మ గారు ఈ ఊరి బిడ్డే, మీ భాషలో మీకు సారాంశం చదివి వినిపిస్తారు అన్నాడు. ఇది ముందు అనుకోలేదు. కారులో చెప్పలేదు. ఊరికే కూర్చుంటే చాలన్నవాడు మైకు నా చేతిలో పెట్టాడు, ఎందుకో అప్పుడర్థమైంది. రేపెవరన్నా మాకు అర్థం కాలేదంటే, మీ పిల్లే చదివిందిగా అంటాడు. మామ నెమ్మదిగా తలెత్తి ఆఫీసరుతో, ‘చదవనీండి సారూ, మా బిడ్డే,’ అన్నాడు. గర్వంగా అన్నాడు. ఊరు సొమ్ము పెట్టి చదివించిన బిడ్డ ఆఫీసరు ముందు మైకులో చదువుతుంటే వినాలని కొత్త పంచె కట్టుకొచ్చాడు ఈ మనిషి, తనను ముంచే కాగితాన్ని నా గొంతులో వినాలని.

చదివాను. ఒక్క మాట మింగకుండా చదివాను. గోడ ఎక్కడి నుంచి ఎక్కడికి వస్తుందో, పడవలు ఏ పక్కకు మార్చుకోవాలో, మొగ దాటడానికి ఎవరి అనుమతి కావాలో, ఎన్నేళ్ళో. గోడ మాట దగ్గర మగవాళ్ళు కొందరు ఇసుకను వేళ్ళతో గీశారు. అంతే. చదవడం అయింది. ఆఫీసరు ముందుకు వంగి, విన్నారు కదా, అభ్యంతరాలున్నవాళ్ళు లేచి పేరు చెప్పి మాట్లాడండి అన్నాడు. ఊరంతా ఒక్కసారిగా చేతులు ఒళ్ళో పెట్టుకుని తలలు దించుకుంది. అయ్యా దేవుడా, ఎంత గట్టిగా వద్దంటున్నారో నాకు తెలుస్తోంది. ఇంత గట్టిగా మా ఊరు ఎవరినీ వద్దనలేదు, ఒక్క తల లేవలేదు, ముసలి మాల్యాద్రి అయితే గడ్డం ఛాతీకి ఆనించేశాడు. ఆఫీసరుకు అందులో ఏముంది, ఖాళీ. ఆయన పాపం మళ్ళీ అడిగాడు, భయపడకుండా చెప్పండి అని కూడా అన్నాడు. తలలు ఇంకా కిందికి దిగాయి. గుమాస్తా పెన్ను కాగితం మీద పెట్టాడు. రాజ్ కుమార్ నా వైపు వంగి, అయిపోయిందండీ, మీరు చాలా బాగా చదివారు అన్నాడు, మెత్తగా.

ఆ మెత్తదనం నా ప్రాణం తీసింది. సర్టిఫికెట్ గుర్తొచ్చింది, అమ్మ గంప గుర్తొచ్చింది, రెండూ గుర్తుండగానే మైకు నా నోటి దగ్గరికి వచ్చేసింది.

‘నాకుంది సార్ అభ్యంతరం. రాసుకోండి. చెంగమ్మ, తండ్రి పెంచలయ్య, ఈ ఊరే. మా రేవు మేము ఇవ్వం.’

మైకులోంచి నా గొంతు ఏటి అవతలికి పోయి తిరిగొచ్చింది. ఆఫీసరు నా మెడలో బిళ్ళ చూసి, మీరు కంపెనీ మనిషి కదమ్మా అన్నాడు. ఊరి మనిషిని సార్, చదువుకోవడానికి అక్కడికి పోయాను అన్నాను. గుమాస్తా ఆయన ముఖం చూశాడు, ఆయన తల ఊపాడు, పెన్ను కదిలింది. రాజ్ కుమార్ నా ముందున్న ఫైలు తన వైపు లాక్కున్నాడు. వలల కుప్పల దగ్గర ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు, ఎవరో నా పేరు పెట్టి తిట్టారు, ఓసి దీని నోరు పడా అన్నది మాత్రం తెలిసింది. అమ్మ ఇటు తిరిగింది, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

మామ లేచాడు. ఆ వయసులో అంత వేగంగా లేవడం నేను చూడలేదు. తువ్వాలు భుజం మీంచి జారి ఇసుకలో పడింది, తీసుకోలేదు. దురాయి ఇక్కడే వేస్తాడనుకున్నాను, వేయి అనుకున్నాను, వేసి చూడు, అమ్మను తీసుకుని నెల్లూరు పోతా, నీ ఊరు నీకే అనుకున్నాను.

‘పెద్దోళ్ళు కూర్చోనుండంగా ఆడబిడ్డ ముందు మాట్లాడే ఊరు కాదు సారూ ఇది,’ అన్నాడు. ‘కొట్టేయండి ఆ పేరు. ముందు నా పేరు రాయండి. చిన్నపోలయ్య, పెద్దకాపు. రేవు ఇచ్చేది లేదు. మా పేర్లన్నీ అయినాక అడుగున యాడన్నా ఆ పిల్ల పేరు రాసుకోండి.’

ఆఫీసరు ఏం చేయాలో తెలియక గుమాస్తాను చూశాడు. మామ బల్ల దగ్గరికి వచ్చి రెండు చేతులూ దాని మీద ఆనించి, గుమాస్తా నా పేరు మీద గీత గీసి తన పేరు పైన రాసేదాకా కదల్లేదు. ఈలోపు మాల్యాద్రి కూడా లేచాడు. పెద్దకాపు తర్వాత తనే కదా, నడికాపు, తన పేరు రెండోది కావాలన్నాడు. ఇంకొకడు మా తాత నీకన్నా ముందు కాపు చేసినాడు అన్నాడు. పట్టాలు ఖాళీ అయ్యాయి, మగవాళ్ళంతా బల్ల చుట్టూ మూగారు, తోపులాట, ఎవరి పేరు ఎవరి తర్వాత అని ఒకటే రభస, ఎవరికి వాళ్ళు రేవు ఇచ్చేది లేదు అని నోటితో, నోరారా, పక్కవాడికన్నా గట్టిగా. ఒక్కడు కూడా రేవు కోసం అరుస్తున్నట్టు లేడు, వరస కోసం అరుస్తున్నారు. గుమాస్తాకు ఇవన్నీ ఎందుకు, పెన్ను ఆపకుండా రాసుకుంటూ పోతున్నాడు. రాజ్ కుమార్ లేచి ఫోను తీసుకుని ఎండలోకి పోతూ ఆగి, మీరు చాలా తెలివైనవారు చెంగమ్మ గారూ, ఇక ఆఫీసుకు రావద్దు, యూనివర్సిటీకి నేను రాస్తాను అన్నాడు. ఇప్పుడు కూడా గారు మానలేదు.

నేను సంతోషించానా. లేదు. నా ఒళ్ళంతా భగ్గుమంటోంది. చట్టం చెబితే వినలేదు, లెక్క చెబితే వినలేదు, రేవు పోతుందంటే ఉల్లిపాయ కొరికాడు, ఒక ఆడదాని పేరు తన పేరు కన్నా పైన ఉందంటే మాత్రం లేచి వచ్చాడు. ఇన్నేళ్ళ చదువు చేయలేని పనిని ఆ పొగరు చేసింది, నా పేరు మీద గీత గీయించి మరీ. అమ్మ ఆడవాళ్ళ మధ్యలోంచి నడిచి షామియానా అంచుదాకా వచ్చింది, లోపలికి అడుగు పెట్టకుండా అక్కడే నిలబడింది, కళ్ళు నా మీదే ఉన్నాయి. అవి తిట్టే కళ్ళో కాదో నాకు తేలడం లేదు.

ఎవరో నా మోచెయ్యి పట్టుకుని కుర్చీల వెనక్కు లాగారు. మామ. ఆయాసపడుతున్నాడు. నా ముఖం వైపు చూడలేదు, సముద్రం వైపు చూస్తున్నాడు, ఎవరన్నా చూస్తే నన్ను తిడుతున్నాడనుకునేలా కనుబొమలు ముడిచి పెట్టుకున్నాడు.

‘ఆ సంతకాలు ముందరేసి అడుగుతాండాడు మే ఆ సారు,’ అన్నాడు, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా. ‘ఏం చెప్పాల?’

ఏం చెప్పాలో నాకు తెలుసు. పెట్టింది నిజమేనని ఒప్పుకోవాలి, అబద్ధమాడకూడదు. మా ఊళ్ళో ఆకువక్క అందుకుంటేనే మాట అని, అది కంపెనీ ఇవ్వలేదని, మేము అందుకోలేదని, ఈ పద్ధతి మా తాతల నాటిదని ఇవాళ అందరి నోటితో అదే పుస్తకంలో రాయించాలి. రేపు కోర్టులో నిలబడుతుందో లేదో గంగాధరం సార్‌కు కూడా తెలియదు, కాని రాసి ఉంటే పోట్లాడటానికి పట్టు దొరుకుతుంది. అంతా నా నాలుక చివరే ఉంది. మామ కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డాడు. అటు బల్ల దగ్గర పెద్దకాపు యాడ, పెద్దకాపు యాడ అని పిలుస్తున్నారు. ఆయన పోలేదు, ‘చెప్పు మే,’ అన్నాడు మళ్ళీ, ఈసారి నా ముఖంలోకి చూసి.

నేను వెంటనే చెప్పలేదు. ఊరి పెద్దకాపును, అంతమంది మగవాళ్ళు చూస్తుండగా, నా ముందు కాసేపు అలాగే నిలబడనిచ్చాను. తర్వాత చెప్పాను.